నీలి గోళీలో మెరుస్తున్నది ఏమిటి? – సమాధానం

మీ పాత నీలి గోళీలో మెరిసేవి రాగివా, అభ్రకమా, ఉత్త గాలి బుడగలా అని అడిగారు కదండీ. 10 రెట్ల లెన్స్ కింద పెట్టి, టార్చ్ పక్కనుంచి వేసి చూడండి. గుండ్రంగా, అంచు నల్లగా ఉంటే బుడగే. వెండి రంగు రేకులు గోళీ తిప్పినప్పుడు ఒక్కొక్కటిగా తళుక్కుమంటే అభ్రకం. రాగి రంగు సన్నని పొడి పట్టీలా సాగి ఉంటే లుట్జ్ రకం (ఇలాంటి మెరుపు పట్టీ ఉన్న గోళీలను అలా పిలుస్తారు). ఆ మెరుపును అమ్మేవాళ్లు బంగారం అంటారు గానీ నమ్మకండి, అది రాగి స్ఫటికాలున్న గాజు పొడి. తెల్లని గరుకు పలుకైతే కరగని ఇసుకో, కొలిమి ఇటుక ముక్కో అయ్యుంటుంది.

ఒక కొసన, గాజు కడ్డీ నుంచి గోళీని కోసిన మచ్చ ఉందా? ఉంటే చాలావరకు చేత్తో చేసినదే, బహుశా జర్మనీలోని లౌషా ప్రాంతానిది. పాలిష్ మాత్రం చేయించకండి, ఆ మచ్చ అరిగిపోతే ధర పడిపోతుంది.