ఖర్చుల పట్టికలో ఆ సున్నా

చి.సౌ. మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

గుంటూరులో మీరు పెట్టబోయే కమ్యూనిటీ రేడియో ఖర్చుల పట్టిక రెండుసార్లు చదివాను. ట్రాన్స్‌మిటరు, టవరు, మిక్సరు, కరెంటు బిల్లు, ఇద్దరు పిల్లల జీతాలు, అన్నీ రాశావు. పాటల దగ్గర మాత్రం సున్నా పెట్టి, పక్కన "పాతవే కదా వేసేది" అన్నావు. ఆ ఒక్క మాటకే ఇంత ఉత్తరం రాస్తున్నా.

పాతదైనంత మాత్రాన పాట ఊరికే రాదమ్మా. ఒక్క సినిమా పాటలో రాసినవారి హక్కు, బాణీ కట్టినవారి హక్కు, రికార్డు హక్కు వేరువేరుగా ఉంటాయి. రికార్డుకైతే విడుదలైన ఏడాది గడిచాక 60 ఏళ్ళు. మాటకూ బాణీకీ ఆ మనిషి పోయిన ఏడాది గడిచాక 60 ఏళ్ళు. మీ గుంటూరులోనే 1971లో కన్నుమూసిన జాషువా గారి పద్యాలకు 2031 చివరిదాకా హక్కుంటుంది. రికార్డు గడువు తీరిందని సంబరపడి వేస్తే మిగతా ఇద్దరికీ జవాబు చెప్పాలి. ఒకరికి కట్టిన రసీదు ఇంకొకరి దగ్గర చెల్లదు.

ఈ బరువు చిన్న స్టేషన్లనే ఎందుకు కుంగదీస్తుందో చూడు. 2010లో కాపీరైట్ బోర్డు ప్రైవేటు ఎఫ్‌ఎంలు పాటలకు కట్టాల్సింది నికర ప్రకటనల ఆదాయంలో 2 శాతం అని తేల్చింది. రాబడి పడిపోతే కట్టేదీ తగ్గేది. 2020 డిసెంబరు 31 నాటి ఉత్తర్వు ఆ లెక్క తీసేసి, పాట మోగిన గంటకు ఇంత అని పెట్టింది. ప్రకటన వచ్చినా రాకపోయినా గంట గంటే. దాని గడువూ 2021 సెప్టెంబరుతో అయిపోయింది. కాబట్టి ఎవరో చెప్పిన రేటు నమ్మి లెక్కలు కట్టొద్దు. మీ స్టేషనుకు ఎంతో హక్కుదారులకు దరఖాస్తు పెట్టి కాగితం మీద తెప్పించుకో. మాది లాభం కోసం కాదని, 100 వాట్లదని, గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు వేయలేమని ఆ దరఖాస్తు మొదట్లోనే రాయి. తగ్గించమని అడగడానికి మొహమాటపడకు.

అలాగని పాట రాసినవాళ్ళను తిట్టుకోకు. వాళ్ళ రాయల్టీ వాటా ఎవరూ రాయించుకుపోకుండా 2012లో చట్టం మార్చడానికే ఎన్నో ఏళ్ళు పట్టింది. వాళ్ళకు చేరే డబ్బు న్యాయమైనదే. పాట వేసినప్పుడల్లా రాసినవారి పేరు, సంగీతం చేసినవారి పేరు, పాడినవారి పేరు చెప్పించు.

యాప్‌లో కూడా వినిపిస్తామన్నావు. అది ఇప్పుడే వద్దు. హక్కుదారు ఒప్పుకోకపోయినా, నిర్ణయించిన రుసుము కట్టి పాట వేసుకోవచ్చని రేడియో, టీవీలకున్న చట్టబద్ధమైన లైసెన్సు ఇంటర్నెట్‌కు వర్తించదని బొంబాయి హైకోర్టు 2019లో చెప్పింది. అక్కడ ప్రతి హక్కుదారునీ విడిగా అడగాలి, వాళ్ళు కాదంటే అంతే.

నేను పనిచేసిన ఒక చిన్న స్టేషనుకు, పాటల హక్కుదారుల తరఫున డబ్బు వసూలు చేసే ఓ సంస్థ నోటీసు పంపింది. మేం వేయని పాటలూ కలిపి అడిగారు. వేయలేదని చూపించడానికి మా దగ్గర ఒక్క కాగితం లేదు. కట్టాం. ఆ రెండు నెలలూ పిల్లలకు సగం జీతాలే ఇచ్చాం. వాళ్ళ మొహాలు నాకింకా గుర్తున్నాయి. తర్వాత బీసెంట్ రోడ్డులో లాంగ్ నోట్‌బుక్ కొని నేనే గీతలు గీశా: తేదీ, మొదలైన టైము, ఆగిన టైము, పాట, రచన, సంగీతం, గానం, కంపెనీ, డ్యూటీలో ఉన్నవారి సంతకం. పాట మోగుతుండగానే రాయాలి. సాయంత్రం గుర్తుచేసుకుని రాసిన లాగ్ బుక్ ఎందుకూ పనికిరాదు.

ఇక అసలు సంగతి. మీ కార్యక్రమాల్లో సగమైనా స్థానికంగా తయారైనవి ఉండాలని నిబంధనే ఉంది. దాన్ని అడ్డంకి అనుకోకు, మీ ఖర్చు తగ్గేది అక్కడే. జహీరాబాద్ దగ్గర సంఘం రేడియోను 2008 నుంచి పల్లె ఆడవాళ్ళే నడిపిస్తున్నారు. మీకేం తక్కువ? మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళ దగ్గర కూర్చో. ఘాటుకు దగ్గుతూనే పాడతారు, ఆ దగ్గు కత్తిరించకు. నాట్ల పాటలు, గొబ్బి పాటలు తీసుకో. క్షేత్రయ్య పదం మీద ఎవరికీ హక్కు లేదు గానీ, పెద్ద విద్వాంసుల రికార్డు మీద ఉండొచ్చు. అందుకని సంగీత కళాశాల పిల్లల చేత పాడించు. ఒక్క జాగ్రత్త: కొందరు సినిమా బాణీకి సొంత మాటలు కట్టి పాడతారు. విన్న వెంటనే పోల్చుకోవాలి, ఆ బాణీకి హక్కుదారు ఉంటాడు.

పాడినవాళ్ళతో ఒప్పంద పత్రం తప్పనిసరి. హక్కు రాయించుకుంటూ గడువు వేయకపోతే చట్టం 5 ఏళ్ళే అనుకుంటుంది. చదువురాని అవ్వయితే కాగితం మొత్తం గట్టిగా చదివి వినిపించి, ఆ తర్వాతే వేలిముద్ర వేయించు. ఎంతో కొంత డబ్బు అప్పుడే చేతిలో పెట్టు.

శనివారం పొద్దున్నే బయల్దేరి వస్తా. ఒప్పంద పత్రాలు ఇరవై, గీతలు గీసిన నోట్‌బుక్ ఒకటి తెస్తున్నా. నువ్వు ఈలోగా ఆ సున్నా కొట్టేసి ఉంచు, అక్కడ ఎంత రాయాలో ఇద్దరం కూర్చుని చూద్దాం.

మామయ్య,
విజయవాడ