ట్రేలు అయిపోయాయి, మళ్లీ స్కాన్ అంటున్నారు... ట్రీట్‌మెంట్ ఫెయిలైనట్టేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 26. మాది సోంపేట దగ్గర పల్లె, ఉద్యోగం విశాఖలో. పళ్ల వరస కోసం క్లియర్ అలైనర్లు (పళ్లకి తొడిగే పారదర్శక ప్లాస్టిక్ ట్రేలు) వాడాను. 22 ట్రేలూ గత నెలతో పూర్తయ్యాయి. పై కోరపన్ను ఒకటి ఇంకా కొంచెం తిరిగే ఉంది, దవడ పళ్లు సరిగా ఆనడం లేదు. రిఫైన్‌మెంట్ చేయాలి, అంటే మిగిలిన తేడా సరిచేయడానికి మళ్లీ స్కాన్ తీసి ఇంకో 12 ట్రేలు తెప్పిస్తామని మా డాక్టర్ అంటున్నారు. స్కాన్ ఇచ్చి పది రోజులైంది. అంటే మొదట్లో ఏదో తప్పు చేసినట్టేనా? మళ్లీ డబ్బు కట్టాలా? మాఘంలో నా పెళ్లి. ట్రే మార్చినప్పుడల్లా రెండు మూడు రోజులు నొప్పి ఉండేది, మెడికల్ షాపులో ఇచ్చే మాత్రతో తగ్గిపోయేది. స్కాన్ ఇచ్చిన దగ్గర్నుంచి ట్రే ఏమీ పెట్టుకోవడం లేదు. నాన్నగారికి కిడ్నీ సమస్య, ఆయనతో ఆసుపత్రుల చుట్టూ తిరగడంలో స్కాన్ కూడా ఆలస్యమైంది. పెళ్లి రోజు ట్రేలు తీసేయొచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు అడిగింది కోరపన్ను గురించి. నాకు టెన్షన్ పెట్టినవి మాత్రం మీరు మాటవరసకి రాసి వదిలేసిన రెండు ముక్కలు. ఒకటి మెడికల్ షాపు మాత్ర, రెండోది ట్రే పెట్టుకోకపోవడం. బయట పేషెంట్లు కూర్చుని ఉన్నారు కాబట్టి ముందు వాటి సంగతే చెప్పేస్తాను.

మాత్ర పేరు మీరు రాయలేదు. నా దగ్గరకొచ్చే చాలామందికీ పేరు తెలియదు, రంగు చెబుతారు. ఆ మధ్య ఒకావిడ పర్సులోంచి తీసి చూపించారు. రెండే మాత్రలు మిగిలిన ముక్క, పేరున్న చోటే కత్తెర పడింది. వెనక రేకు మీద 'డైక్లో' వరకే కనిపిస్తోంది. షాపులో నొప్పికని అడిగితే సాధారణంగా చేతికొచ్చేది డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ జాతి మాత్రే. ఇవి కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషి డాక్టర్ చెప్పినట్టు ఒకటి రెండు రోజులు వాడితే మామూలుగా ఇబ్బంది రాదు. కానీ మీ లెక్క వేయండి. 22 ట్రేలు, ట్రేకి తక్కువలో తక్కువ రెండు రోజులు, అంటే 44 రోజులు. పూటకొకటి చొప్పున రోజుకి రెండు వేసుకుని ఉంటే 88 మాత్రలు. అదీ కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మీ సోంపేట వైపు ఉద్దానం మనిషి, ఇంట్లో నాన్నగారికి కిడ్నీ జబ్బు ఉన్న మనిషి!

ఉద్దానం జబ్బుకి ఈ మాత్రలే కారణమని నేను అనడం లేదు. నీళ్లు పరీక్షించారు, మట్టి పరీక్షించారు, ఇదీ కారణమని ఇంకా తేలలేదు. అందుకే కిడ్నీకి చెడు చేస్తుందని తెలిసిన వస్తువు మనంతట మనం కొని మింగకూడదు. ఒకసారి బీపీ చూపించుకుని, సీరం క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు చేయించుకోండి. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు కదా, నాన్నగారిని ఎక్కడికి తీసుకెళ్తున్నా ఆ రోజే మీ రక్తం కూడా ఇచ్చి రండి. అన్నీ బాగానే ఉండొచ్చు. ఉన్నాయని రిపోర్టులో చూసుకుందాం.

ఈ మాత్రలతో పళ్ల వైపు నుంచీ ఒక పేచీ ఉంది. పన్ను కదలాలంటే వేరుకి ఒక పక్క ఎముక కరగాలి, రెండో పక్క కొత్తది పెరగాలి. ఆ పనిలో శరీరం వాడుకునే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలనే ఈ మాత్రలు అణిచేస్తాయి. తరచూ వాడితే పన్ను కదలిక మందగించవచ్చని మాలో చాలామంది జాగ్రత్త పడతాం. మీ కోరపన్ను తిరగకపోవడానికి ఇదే కారణమని నోరు చూడకుండా చెప్పలేను. కొత్త ట్రేని రాత్రి పడుకునే ముందు మార్చండి, మొదటి గంటలు నిద్రలో గడిచిపోతాయి. మరీ ఓర్చుకోలేకపోతే పారాసిటమాల్ నయం. అదీ మోతాదు డాక్టర్‌ని అడిగాకే.

ఇక ట్రే. స్కాన్ రోజున పళ్లు ఎక్కడున్నాయో ఆ కొలతకే కొత్త 12 తయారవుతున్నాయి. అవి రావడానికి సుమారు రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఈలోగా పళ్లు ఊరికే కూర్చోవమ్మా. చిగురు లోపలి నారపోగులు సాగదీసిన రబ్బరులా పన్నుని పాత చోటికి లాగుతుంటాయి, తిప్పిన పన్నునైతే మరీను. తీరా కొత్త ట్రే వచ్చి ఎక్కకపోతే మళ్లీ స్కాన్, మళ్లీ ఎదురుచూపు. ఈ రాత్రే 22వ ట్రే తీసి పెట్టి చూడండి. బిగుతుగా ఉన్నా పూర్తిగా కూర్చుంటే రోజుకి 20 నుంచి 22 గంటలు ఉంచండి. కూర్చోకపోతే కొరికి నొక్కకండి, వేడినీళ్లలో ముంచకండి, ప్లాస్టిక్ వంకర పోతుంది. మీ డాక్టర్‌కి ఫోన్ చేయండి. 21వది పెట్టమంటారేమో. పాతవి పారేయలేదు కదా?

తప్పు జరిగిందా అంటే, ఎక్కువ కేసుల్లో కాదు. మొదటి రోజు కంప్యూటర్‌లో చూపించేది అంచనా మాత్రమే. ఒక్కో ట్రే పన్నుని పావు మిల్లీమీటరు దాకా జరపాలని లెక్క. ప్రతిసారీ కాస్త తక్కువ జరిగితే చివరికి వచ్చేసరికి ఆ బాకీ అంతా పోగవుతుంది. అందులోనూ కోరపన్ను గుండ్రంగా ఉంటుంది, వేరు పొడుగు. నూనె చేత్తో సీసా మూత తిప్పినట్టే, ట్రేకి పట్టు దొరకదు. అద్దం ముందు చూస్తే ఆ పంటి అంచుకీ ప్లాస్టిక్‌కీ మధ్య సన్నటి సందు మీకు కనిపించే ఉంటుంది. ఈసారి దాని మీద అతికించే బుడిపె ఆకారం మారుస్తారు. చోటు చాలకపోతే పక్క పళ్ల మధ్య పలచటి పట్టీతో రవ్వంత అరగదీస్తారు, భయం వద్దు. దవడ పళ్లు ఆనకపోవడం చాలావరకు నెలల తరబడి మధ్యలో ప్లాస్టిక్ ఉండటం వల్లే, సర్దుకుంటుంది. ముద్ద నమలలేకపోతుంటే మాత్రం చెప్పండి. ఈ 12 తర్వాత కూడా ఇంకొక చిన్న రిఫైన్‌మెంట్ రావచ్చు, అప్పుడు మళ్లీ కంగారు పడొద్దు.

టీ సంగతి కూడా మీరు రాయలేదు. ఆఫీసులో నాలుగు టీలు, ఒక్కోదానికి ట్రే తీసి కబుర్లయ్యాక ముప్పావు గంటకి పెట్టుకుంటే రోజుకి మూడు గంటలు అక్కడే పోయాయి. భోజనాలు వేరే!

డబ్బు విషయం మీరు సంతకం చేసిన కాగితంలో ఉంటుంది. కొన్ని ప్యాకేజీల్లో రిఫైన్‌మెంట్లు కలిపే ఉంటాయి, కొన్నింటిలో ఉండవు. మొహమాటపడకుండా అడగండి. బ్రష్ చేస్తే రక్తం వస్తున్నా, పన్ను బాగా ఊగుతున్నా ట్రేల కంటే ముందు అది చూపించాలి.

ట్రేకి వారం నుంచి పది రోజులు అనుకుంటే, 12కి 84 నుంచి 120 రోజులు. మాఘానికి అవుతాయో లేదో మీ డాక్టరే చెప్పాలి. కాకపోయినా నష్టం లేదు. పెళ్లి రోజు భోజనాలూ ఫొటోలూ అయ్యేదాకా తీసేసి, పడుకునే ముందు పెట్టుకోవచ్చు. ఒకట్రెండు రోజులకి మించితే డాక్టర్‌కి చెప్పండి. ట్రేలని డబ్బాలోనే పెట్టి తోడపెళ్లికూతురి చేతికివ్వండి, టిష్యూలో చుట్టొద్దు. నా పేషెంటు ఒకమ్మాయిది అలా చుట్టి విస్తరి పక్కన పెడితే ఎత్తేశారు. ఇంటిల్లిపాదీ ఆకుల కుప్ప తిరగేసినా కింది ట్రే ఒక్కటే దొరికింది.

- ఆర్థోడాంటిస్ట్, శ్రీకాకుళం