మీటరు 1 శాతం చూపిస్తే సరిపోదు

ప్రశ్న: క్యాన్సర్ కణాలను స్ఫెరాయిడ్లుగా (గుండ్రటి కణాల ముద్దలుగా) పెంచుతున్నాం. 1 శాతం ఆక్సిజన్ ఉన్న చాంబర్లో 48 గంటలు ఉంచినా, ప్రోటీన్లను గుర్తించే వెస్టర్న్ బ్లాట్‌లో హిఫ్-1 ఆల్ఫా (ఆక్సిజన్ తగ్గినప్పుడు కణాల్లో పేరుకునే ప్రోటీన్) బ్యాండ్ రావడం లేదు. పెరుగుదల కూడా ఒక్కోసారి ఒక్కోలా ఉంటోంది. లోపం ఎక్కడ?

జవాబు: యాంటీబాడీని అనుమానించే ముందు, ప్లేటు బయటికి తీశాక, కణాలను పగలగొట్టే లైసిస్ బఫర్ పోయడానికి ఎంతసేపు పడుతోందో చూసుకోండి. ఆక్సిజన్ తగలగానే, హిఫ్-1 ఆల్ఫా నాశనమయ్యేలా చేసే ప్రోలిల్ హైడ్రాక్సిలేజ్ ఎంజైములు పనిలోకి దిగుతాయి. దాదాపు ఐదు నిమిషాలకోసారి ఈ ప్రోటీన్ సగమైపోతుంది. స్ఫెరాయిడ్లను ట్యూబులోకి తీసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, రెండుసార్లు కడిగేసరికి బ్లాట్‌కి మిగిలేది దాదాపు శూన్యం. గ్లవ్స్ అమర్చిన చాంబర్ ఉంటే పనంతా లోపలే ముగించండి. లేకపోతే ఒక్కో ప్లేటునే తీసి, వెంటనే ఐస్ మీద పెట్టి చల్లటి బఫర్ పోయండి. పైగా చాలా కణరకాల్లో హిఫ్-1 ఆల్ఫా తొలి 4–8 గంటల్లో బాగా పెరిగి తర్వాత తగ్గుతుంది. 48 గంటలకు చూడాలనుకుంటే, ఆక్సిజన్ తగ్గినప్పుడు నెమ్మదిగా పేరుకుని నిలిచే మరో ప్రోటీన్ సీఏ-9 మేలు.

ఇక మీటరు చూపే 1 శాతం చాంబర్లోని గాలిది, కణాల దగ్గరిది కాదు. సీసాలోంచి తీసిన మీడియంలోనూ (కణాలను పెంచే పోషక ద్రవం), ప్లేటు ప్లాస్టిక్‌లోనూ మామూలు గాలి ఆక్సిజన్ నిండి ఉంటుంది. మీడియం, ఖాళీ ప్లేటు రెండూ ముందురోజు రాత్రే చాంబర్లో పెట్టండి. క్లిప్పులతో బిగించే చిన్న చాంబరైతే నిమిషానికి 20 లీటర్ల చొప్పున 4–5 నిమిషాలు గ్యాస్ పంపి, గంట తర్వాత మళ్లీ పంపాలి. ఈ రెండోసారినే చాలామంది వదిలేస్తారు. లోపల నీళ్ల డిష్ పెట్టకపోతే మీడియం ఆవిరై, ప్లేటు అంచు గుంటలైన వెల్స్‌లో పెరుగుదల వేరేగా కనిపిస్తుంది.

పెరుగుదలలో తేడాకి అసలు కారణం పరిమాణం అయి ఉండొచ్చు. బయటి నుంచి ఆక్సిజన్ 150–200 మైక్రాన్ల లోతు వరకే అందుతుంది. అందుకే 500 మైక్రాన్లు దాటిన స్ఫెరాయిడ్‌కి మామూలు ఇంక్యుబేటర్‌లోనే నడుమ కణాలు చనిపోవడం మొదలవుతుంది. అంటే పోలికకు మామూలు గాలిలో ఉంచిన మీ కంట్రోల్‌లోనే హైపాక్సియా (ఆక్సిజన్ కొరత) ఉంటుంది! మైక్రోస్కోప్ కింద నడుమ నల్లటి మచ్చ కనిపిస్తే అనుమానించండి. ప్రయోగం మొదలుపెట్టే రోజు వ్యాసం కొలిచి, 300 మైక్రాన్లకు అటూఇటూగా ఉన్నవే వాడండి. మీడియం పసుపు రంగుకు తిరిగితే ఆమ్లం పెరిగినట్టే. పెరుగుదల ఆగింది ఆక్సిజన్ వల్లో, ఆ ఆమ్లం వల్లో, గ్లూకోజ్ అయిపోయో చెప్పలేం. రెండు రోజులకోసారి సగం మీడియం మార్చండి, అదీ ముందే చాంబర్లో ఉంచినదే.

తేమ, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ పోగా ఇంక్యుబేటర్‌లో మిగిలే ఆక్సిజన్ 18.6 శాతం. శరీర కణజాలాల్లో చాలావాటికి ఇందులో మూడో వంతు కూడా అందదు. కాబట్టి 18.6కీ 1కీ మధ్య 5 శాతం సెట్ ఒకటి తప్పకుండా పెట్టండి.

ప్రశ్న: చాంబర్ లేదు. కోబాల్ట్ క్లోరైడ్ కలిపితే సరిపోతుందా?

జవాబు: హిఫ్ బ్యాండ్ చూడటం వరకైతే 100 మైక్రోమోలార్ చాలు. కానీ అక్కడ ఆక్సిజన్ తగ్గదు, హైడ్రాక్సిలేజ్ ఎంజైము మాత్రమే మొరాయిస్తుంది. రేడియేషన్ ప్రయోగానికి అస్సలు పనికిరాదు: ఆక్సిజన్ లేని కణాలను చంపడానికి 2.5 నుంచి 3 రెట్ల డోసు కావాలి, కోబాల్ట్‌తో ఆ తేడా రాదు.