సీ ప్రోగ్రాంలో ఫైల్ ఓనర్‌ని అన్ని ఓఎస్‌లలో ఒకేలా మార్చడం ఎలా? నన్నడిగితే అసలు మార్చకండి

లైనక్స్, మ్యాక్, విండోస్ మూడింట్లోనూ ఒకే సీ కోడ్‌తో ఫైల్ ఓనర్‌ని మార్చాలి, ఏ ఫంక్షన్ వాడాలి అని అడిగారు. అలాంటి ఫంక్షన్ లేదండి. సీ స్టాండర్డ్‌కి ఓనర్ అన్న సంగతే తెలీదు, ఫైల్ తెరవడం, రాయడం, పేరు మార్చడం, తీసెయ్యడం, అంతవరకే. ఓనర్‌ని మార్చే చోన్ (chown) అనే ఫంక్షన్ పోసిక్స్ వాళ్ళది, అంటే యూనిక్స్ జాతి ఓఎస్‌ల స్టాండర్డ్‌ది, లైనక్స్‌లో మ్యాక్‌లో ఉంటుంది, విండోస్‌లో ఆ పేరుతో ఏమీ లేదు. నేను ఈ జవాబు రాస్తున్నది మాత్రం అందుకు కాదు, ఈ చోన్ వల్ల దాళ్వా కోతల టైంలో ఒక పూట నేను పడ్డ పాట్లు ఇంకెవరూ పడకూడదని.

పాలకొల్లు దగ్గర ఒక రైస్ మిల్లులో కాటా ప్రోగ్రాం నేనే రాశాను. ట్రాక్టర్ కాటా ఎక్కితే బరువు సీరియల్ కేబుల్ మీదుగా కేబిన్‌లో ఉన్న పాత పీసీకి వస్తుంది, అందులో ఉబుంటు, నా ప్రోగ్రాం ఆ బరువుని చీటీ ఫైల్‌గా రాస్తుంది, గుమస్తా గారు దాన్ని తెరిచి రైతు పేరు, ఊరు కొట్టి ప్రింట్ తీస్తారు. సీరియల్ పోర్ట్ తెరవాలి కదా అని ప్రోగ్రాంని రూట్‌గా, అంటే అన్ని అధికారాలూ ఉండే యూజర్‌గా నడిపాను. రూట్‌గా నడిస్తే ఫైళ్ళు కూడా రూట్ పేరు మీదే పుడతాయి, గుమస్తా గారు వాటిని దిద్దలేరు, అందుకని చీటీ రాశాక చివర్లో ఒక చోన్ పెట్టి ఆయన యూజర్ పేరు మీదికి మార్చేవాణ్ణి. అది ఫెయిలైతే ఎర్రర్ రాసి ప్రోగ్రాం ఆగిపోవాలి అని కూడా రాశాను, ఎర్రర్ చెక్ చెయ్యడం మంచి అలవాటు కదా అని. రెండు పంటలు బానే నడిచింది.

ఆ ఏడాది ఏప్రిల్ నెలాఖరులో మబ్బులు కమ్మాయి. కల్లాల్లో ఉన్న ధాన్యం తడవకముందే మిల్లుకి తోలేద్దామని రైతులంతా ఒకేసారి వచ్చారు, ట్రాక్టర్లు కాలవ గట్టు దాకా ఆగి ఉన్నాయి. ముందురోజు సాయంత్రమే మిల్లు ఓనర్ గారు చీటీలు పెన్‌డ్రైవ్‌లో పడేలా చెయ్యి ఆడిటర్‌కి ఇవ్వాలి అంటే, ఫోల్డర్ దారి ఒక్కటి మార్చి ఇంటికెళ్ళిపోయాను. పొద్దున్న ఏడు కాకుండానే గుమస్తా గారి ఫోను, "అబ్బాయి గారూ, మొదటి బండి బరువు పడిందండి, తర్వాత ఇంక కదల్లేదండి, ఆయ్, మూడుసార్లు ఆపి వేశానండి." బండి మీద వెళ్ళేసరికి చినుకులు మొదలు, రైతులు టార్పాలిన్లు లాక్కుంటున్నారు, స్క్రీన్ మీద ఒకటే లైన్, చోన్, ఆపరేషన్ నాట్ పర్మిటెడ్. రూట్‌కి పర్మిషన్ లేకపోవడం ఏంటి అని ఇరవై నిమిషాలు కోడ్ వైపే చూస్తూ ఉండిపోయాను. చివరికి ఏ డిస్క్ ఎలా తగిలించి ఉందో చూపించే మౌంట్ కమాండ్ కొడితే పెన్‌డ్రైవ్ పక్కన వీఫ్యాట్ (ఎఫ్ఏటీలో ఒక రకం) అని కనపడింది, అప్పుడు అర్థమైంది. ఎఫ్ఏటీ ఫైల్ సిస్టంలో ఓనర్ పేరు రాసుకునే గడే లేదండి. మౌంట్ చేసేటప్పుడు లైనక్సే ఎవరో ఒకరిని మొత్తం డ్రైవ్‌కి ఓనర్‌గా చూపిస్తుంది, దాన్ని మార్చమంటే రూట్ అడిగినా ఈపర్మ్ (అదే, ఆపరేషన్ నాట్ పర్మిటెడ్) అంటుంది. అంటే ఓఎస్ కూడా మారక్కర్లేదు, అదే మెషీన్‌లో డిస్క్ మారితే చాలు చోన్ మాట చెల్లదు. ఇంక పోర్టబుల్ అనే మాటకి అర్థమేముంది?

అప్పటికి ఆ ఎగ్జిట్ లైన్ తీసేసి లాగ్‌లో రాసి ముందుకెళ్ళేలా మార్చి కాటా నడిపించాం. సాయంత్రం కూర్చుని చోన్‌నే పీకేశాను. ఇదే నేను గట్టిగా చెప్పేది, పుట్టాక ఓనర్‌ని మార్చడం కాదు, ఫైల్‌ని సరైన మనిషి పేరు మీదే పుట్టించండి. రూట్‌గా మొదలై పోర్ట్ తెరిచి, వెంటనే సెట్‌గ్రూప్స్, సెట్‌జీఐడీ (ఈ రెండూ గ్రూప్‌లు మార్చేవి), ఆఖర్న యూజర్‌ని మార్చే సెట్‌యూఐడీ (ఈ వరస తప్పితే గ్రూప్ మార్చే అధికారం ముందే పోతుంది) కొట్టి గుమస్తా గారి యూజర్‌గా మారిపోతే, తెరిచిన పోర్ట్ అలాగే చేతిలో ఉంటుంది, ఫైళ్ళు ఆయన పేరునే పుడతాయి. ఉబుంటులో అయితే ఆ యూజర్‌ని సీరియల్ పోర్ట్ వాడే హక్కున్న డయల్‌అవుట్ గ్రూప్‌లో వేస్తే రూట్ కూడా అక్కర్లేదు, నాకది తర్వాత తెలిసింది. తర్వాత మిల్లు ఆఫీసులో విండోస్ పీసీ పెట్టినప్పుడు కూడా ఫోల్డర్ మీద ఒక్కసారి పర్మిషన్లు సెట్ చేశాను, లోపల పుట్టే ఫైళ్ళకి అవే వారసత్వంగా వస్తాయి, కోడ్‌లో ఒక్క లైన్ రాయలేదు.

ఇలాంటి ప్రశ్న ఎవరు అడిగినా కింద ఒకరు వచ్చి 777 (అందరికీ అన్ని పర్మిషన్లూ) కొట్టెయ్ అంటారు, ఇంకొకరు సిస్టం ఫంక్షన్‌తో చోన్ కమాండ్‌ని పిలవమంటారు. మొదటిది తలుపు తీసి పెట్టి ఊరెళ్ళడం. రెండోదైతే ఫైల్ పేరులో ఒక స్పేస్ పడితే చాలు తప్పు ఫైల్ మీద పడొచ్చు. పంట లెక్కలు ఉన్న ఫైళ్ళండి అవి, రైతుకి డబ్బు వచ్చేది ఆ చీటీ మీదే.

ఓనర్ అంటే అన్ని చోట్లా ఒకటే అనుకోవడంలోనే ఉంది చిక్కంతా. పొలం నాదే కదా అని పాస్‌బుక్‌లో నేనే ఇంకొకరి పేరు రాసేస్తే చెల్లదు కదా, లైనక్స్, మ్యాక్ అలాంటివే, ఫైల్ మీదే అయినా ఇంకొకరికి ఇచ్చెయ్యలేరు, రూట్ చెయ్యాలి. మీరున్న గ్రూపుల్లో ఒకదానికి మార్చుకోవడం వరకు మీ ఇష్టం. పాత సిస్టం ఫైవ్ యూనిక్స్‌లలో ఇచ్చెయ్యనిచ్చేవాళ్ళు, అలా అయితే నా ఫైళ్ళు మీ పేరున పెట్టి నాకు ఇంతే చోటు అని పెట్టిన డిస్క్ కోటా తప్పించుకోవచ్చు. విండోస్‌లో హక్కు ఉన్నవాడు ఫైల్‌ని తన పేరు మీదికి తీసుకోగలడు గానీ ఇంకొకరికి అంటగట్టాలంటే ఎస్ఈ రీస్టోర్ ప్రివిలేజ్ అని వేరే కావాలి. పైగా యూనిక్స్‌లో మనిషి ఒక నంబర్, ఉబుంటులో మొదటి యూజర్ 1000, మ్యాక్‌లో 501, విండోస్‌లో ఎస్ఐడీ అని పొడుగాటి గుర్తు. గో భాషలో చోన్ విండోస్ మీద ఎప్పుడూ ఎర్రరే ఇస్తుంది, పైథాన్‌లో అయితే అది యూనిక్స్‌కే ఉంది. అంత పెద్ద వాళ్ళే కలపలేదు.

బ్యాకప్ రీస్టోర్ లాంటి పని అయితే మాత్రం తప్పదు. అప్పుడు మీ ఫంక్షన్ నంబర్ కాకుండా యూజర్ పేరు తీసుకోవాలి, లోపల రెండు వేరు వేరు కోడ్‌లు పెట్టండి. యూనిక్స్ వైపు గెట్‌పీడబ్ల్యూనామ్‌తో ఆ పేరుకి నంబర్ తెచ్చి, తెరిచి ఉన్న ఫైల్ మీద ఎఫ్‌చోన్ కొట్టండి, దారి పేరుతో చోన్ కొడితే మధ్యలో ఎవరైనా అక్కడ సింలింక్ (ఇంకో ఫైల్‌కి దారి మళ్ళించే లింకు) పెట్టి మోసం చెయ్యొచ్చు. గ్రూప్ మార్చక్కర్లేకపోతే గ్రూప్ నంబర్ ఇచ్చే చోట మైనస్ 1 ఇవ్వండి. విండోస్ వైపు లుకప్ అకౌంట్ నేమ్‌తో ఎస్ఐడీ, అడ్జస్ట్ టోకెన్ ప్రివిలేజెస్‌తో పైన చెప్పిన హక్కు ఆన్ చెయ్యడం, ఆపైన ఓనర్‌ని మార్చడానికి సెట్ నేమ్డ్ సెక్యూరిటీ ఇన్ఫో. ఇక్కడ ఒకటి జాగ్రత్త, ఆ హక్కు మీ ప్రోగ్రాంకి లేకపోయినా అడ్జస్ట్ టోకెన్ ప్రివిలేజెస్ సక్సెస్ అనే చెబుతుంది, గెట్ లాస్ట్ ఎర్రర్ చూస్తేనే నాట్ ఆల్ అసైన్డ్ అని బయటపడుతుంది.

మీది రీస్టోర్ పనా, లేక నాలాగా ఎవరో ఫైల్ తెరవలేకపోతున్నారనా? రెండోదైతే చోన్ రాసిన లైన్ తీసేసి, ప్రోగ్రాం ఏ యూజర్‌గా నడుస్తుందో కింద రాయండి, అక్కణ్ణుంచి చూద్దాం.