సైగ భాషలో మాటల భాష కలిస్తే బధిరులకు నచ్చదా?

మాట్లాడే భాష పదాలు, వరస సైగల్లో కలిపితే బధిరులకు కోపం వస్తుందా అని అడిగారు. అందరికీ రాదు, ప్రతిసారీ రాదు. ఎవరు కలుపుతున్నారు, ఎవరి వీలు కోసం అన్నదే అసలు సంగతి.

మా అమ్మానాన్నలిద్దరూ పుట్టు బధిరులు. నాకు వినపడుతుంది, అయినా నోరు తిరగకముందే చేతులు తిరిగాయి. అమ్మ స్నేహితులతో ఉన్నప్పుడు ఏ మందు పేరో వస్తే అక్షరాలన్నీ వేళ్లతో చూపిస్తుంది. అదే పేరు మళ్లీ మళ్లీ వస్తుంటే సగం అక్షరాలు ఎగిరిపోయి ఒక్క విదిలింపు మిగులుతుంది. పెదాలూ కదుపుతుంది. ఒకే సైగకు రెండర్థాలుంటే ఏదో తేల్చేది ఆ పెదాలే. ఇదంతా కల్తీ అని ఆవిడ ఏనాడూ అనుకోలేదు.

వినపడే మనిషి గొంతెత్తి మాట్లాడుతూ అదే వరసలో సైగలు చేయబోతే మాత్రం మొహం చిట్లిస్తుంది. నోరు వాక్యం పూర్తి చేస్తుంది, చేతులు మధ్యలో కొన్ని మింగేస్తాయి. మొహం సంగతి మరీ అన్యాయం. 'వస్తావా?' అనడానికి చాలా సైగ భాషల్లో కనుబొమలు పైకి లేవాలి. ధ్యాసంతా నోటి మీదుంటే అవి లేవవు, ప్రశ్న ప్రశ్నలా ఉండదు.

నాన్న అలా కాదు. కొత్తవాళ్లు ఎదురైతే తనే మాటల వరసకు దిగిపోతారు, పని జరగాలిగా అంటారు. దీని మీద ఇంట్లో పెద్ద వాదనలే, బల్ల చరుపులతో సహా. మాటల వరసలో చేస్తేనే చదువుకున్నవాళ్ల లక్షణం అనుకునే బధిరులూ ఉన్నారు. అమ్మకు అసలు మంట వాళ్ల మీదే.

ఆ మంట ఊరికే రాలేదు. 1880లో ఇటలీలోని మిలాన్‌లో జరిగిన బధిర విద్య అంతర్జాతీయ మహాసభ బధిరుల చదువుకు నోటి మాటే మేలని తీర్మానించింది. ఓటేసినవాళ్లు దాదాపు అందరూ వినపడేవాళ్లే. ఆ తర్వాత చాలా దేశాల బడుల్లో సైగ చేసిన పిల్లల్ని దండించారు. 2010లో కెనడాలోని వాంకూవర్‌లో జరిగిన అదే మహాసభ గానీ ఆ తీర్మానాన్ని తోసిపుచ్చి విచారం ప్రకటించలేదు. అమెరికాలో 1970ల నాటికి సైగలు బడిలోకి తిరిగొచ్చినా, ఎక్కువగా ఇంగ్లీషు వ్యాకరణం తొడుక్కునే వచ్చాయి, క్రియ చివరి 'ఇంగ్'కి కూడా ఓ సైగతో. నిజానికి అమెరికన్ సైగ భాషకు చుట్టరికం ఇంగ్లీషుతో కాదు, ఫ్రెంచి సైగ భాషతో. ఇంగ్లీషు మధ్యే పుట్టిన బ్రిటిష్ సైగ భాషతో దానికి పొత్తు కుదరదు.

మీరు నేర్చుకుంటుంటే గొంతు ఆపి సైగ చేయండి. తడబడినా ఎదుటివాళ్లు ఆగుతారు. పెదాలు కదపాలా వద్దా అన్నది ఎదుటి మనిషినే అడగండి. మా ఇంట్లోనే ఇద్దరిదీ ఒక జవాబు కాదు.