అరిగిన అంకె దగ్గర ఆగు

విజయనగరం, కంటోన్మెంట్

చిరంజీవి బాబుకి ఆశీస్సులు.

నీ కథ, దాంతోపాటు నువ్వు ఎన్‌సీసీ గదిలోని తుపాకీ ముద్రల మీద పెట్టి పెన్సిల్‌తో రుద్ది పంపిన కాగితాలు నిన్న అందాయి. కథ రెండుసార్లు చదివాను. కాగితాల్ని మాత్రం రాత్రి దీపం పక్కన పెట్టుకుని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. చిన్నప్పుడు పావలా బిళ్ళ మీద కాగితం పెట్టి రుద్దేవాళ్ళం, గుర్తుందా? అదే పద్ధతి తుపాకీ మీద వాడాలని నీకు తోచినందుకు సంతోషం. కథకి వచ్చిన చిక్కు కూడా ఆ కాగితాల్లోనే ఉంది. అందుకని ముందు వాటి సంగతే రాస్తున్నాను.

నీ కథలో తాత 1944లో బర్మాలో మోసిన తుపాకీ, మనవడికి శ్రీకాకుళంలో కాలేజీ ఎన్‌సీసీ గదిలో కనిపిస్తుంది. మనవడు దాన్ని నిమురుతూ ఏడుస్తాడు. నువ్వు పంపిన ముద్ర మాత్రం వేరే మాట చెబుతోంది.

త్రీ నాట్ త్రీ రైఫిల్‌కి కర్ర బట్, అంటే భుజానికి ఆనించే భాగం, వచ్చి దిగేచోట ఒక ఇనుప పట్టీ ఉంటుంది. కుడివైపు, తూటా ఎక్కించడానికి లాగే బోల్ట్ పిడి కింద. తుపాకీకి అదే పుట్టుక చీటీ. పైన కిరీటం, దాని కింద రాజు పేరు పొడి అక్షరాలు, తర్వాత ఫ్యాక్టరీ, ఏడాది, మోడల్. జి.ఆర్. అంటే జార్జ్ రెక్స్, రెక్స్ అంటే లాటిన్‌లో రాజు. మన దేశంలో, కలకత్తా దగ్గర ఇషాపూర్‌లో చేసిన వాటి మీద జి.ఆర్.ఐ. అని కొట్టేవారు. ఆ ఐ అంటే ఇంపరేటర్, చక్రవర్తి. ఒక్క అక్షరం అదనంగా పడినందుకు ఇంగ్లండుకి రాజైనవాడు మనకి చక్రవర్తి అయ్యాడు. దీని మీద నువ్వు ఎప్పటికైనా ఒక పేజీ రాయాలి.

నీ కాగితంలో కిరీటం లేదు. సింహాలున్నాయి. నాలుగు ముఖాల్లో మూడే కనిపించే అశోకుడి సింహాలు. ఆ బొమ్మని మన దేశం రాజముద్రగా తీసుకున్నది 1950 జనవరి 26న. బర్మా యుద్ధం నాటికి ఆ ముద్ర లేదు, ఆ తుపాకీ కూడా లేదు.

ఇక్కడొక జాగ్రత్త. సింహం ఎక్కడ కనిపిస్తే అక్కడ అదే తీర్పు అనుకోకు. పాత తుపాకీలు మరమ్మతుకి వెళ్ళి వచ్చేవి. బోల్ట్ ఒకచోటిది, గొట్టం మరోచోటిది, కర్ర ఇంకోచోటిది. కిరీటం ఉన్న బాడీకి తర్వాత బిగించిన చిన్న ముక్క మీద కొత్త తనిఖీ ముద్ర ఉండొచ్చు. అందుకే బోల్ట్ మీది నంబరూ బాడీ మీది నంబరూ కలుస్తున్నాయో లేదో చూడాలి. కలవకపోతే ఆ రెండూ మొదట ఒకే తుపాకీవి కావన్నమాట. మన పెళ్ళిళ్ళలో ఇత్తడి బిందెల మీద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టిస్తారు కదా. బిందె మీద అమ్మమ్మ పేరు, మూత మీద ఎవరో మేనత్త పేరు ఉన్న జతలు మా ఇంట్లో రెండున్నాయి. ఇత్తడి పనికి పేరున్న బూడితి నుంచి వచ్చిన బిందెలు అవి. మూత ఎప్పుడు మారిందో తెలిసినవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. మూత మీది పేరు చూసి బిందె వయసు చెప్పలేం.

నేను ఇలాంటి తప్పు అచ్చులోనే చేశాను. ఇరవై ఏళ్ళ కిందట ఒక కథలో పాత బాయ్‌నెట్, అంటే తుపాకీ మూతికి బిగించే కత్తి, వర్ణించాను. దాని మీద ఎం.ఏ. అని ఉంది. మద్రాసు అనుకున్నాను. మన జిల్లాలు ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోవే కాబట్టి నాకు అనుమానమే రాలేదు. పైగా ఆ మద్రాసు మీద కథలో సగం అల్లేశాను. టెక్కలి వైపు నుంచి ఒక రిటైర్డ్ హవల్దారు బస్సెక్కి మా ఇంటికి వచ్చారు. మంచినీళ్ళు తాగి, పత్రిక తీసి, ఆ వాక్యం మీద వేలు పెట్టి, "అదేటి మాస్టారూ, ఎమ్మే అంటే మద్రాసు కాదండి. ఆస్ట్రేలియాలో లిత్‌గో ఫ్యాక్టరీ" అన్నారు. ఆయన కోప్పడలేదు. బాధపడ్డారు. ఆ ముఖం నాకిప్పటికీ కళ్ళముందు ఉంది.

ఆ మధ్యాహ్నం ఆయన చెప్పినవాటిలో ఒకటి నీకూ చెబుతాను. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ ఫ్యాక్టరీలు పేరు కొట్టడం మానేశాయి. ఎక్కడ తయారవుతోందో శత్రువుకి తెలియకూడదని ఒక అక్షరం, ఒక అంకె ఇచ్చారు. ఎన్ అంటే ఉత్తరం, ఎస్ అంటే దక్షిణం, ఎం అంటే మధ్య ప్రాంతం. త్రీ నాట్ త్రీలోనే నంబర్ ఫోర్ అనే రకం రైఫిల్‌కి పెట్టే సన్నటి మేకులాంటి బాయ్‌నెట్ల మీద ఎన్ 67 అని కనిపిస్తే అది సింగర్ కంపెనీది. మీ అమ్మమ్మ జాకెట్లు కుట్టిన మిషన్ సింగరే! ఆ మాట విన్న రోజు నాకు నిద్ర పట్టలేదు. ఇలాంటిది ఊహించి రాయలేం, ముద్ర చదివితేనే దొరుకుతుంది.

నీ రెండో కాగితంలో డి.పి. అని పెద్దగా పడింది. డ్రిల్ పర్పస్. అంటే ఆ తుపాకీ ఇక పేల్చడానికి పనికిరాదు, కవాతుకి మాత్రమే. బర్మా నుంచి తిరిగొచ్చిన సిపాయి, పేలని తుపాకీతో పదహారేళ్ళ పిల్లలకి భుజం మీదకి ఎత్తడం, దించడం నేర్పిస్తున్నాడు. నీ కథ అదే బాబూ. మీ తాతగారు రిటైరయ్యాక కాలేజీ పిల్లలకి కవాతు నేర్పారని నువ్వే రెండో పేజీలో ఒక్క ముక్కలో రాసి వదిలేశావు. ఆ వాక్యం దగ్గరికి వెనక్కి వెళ్ళు. బర్మాని ఆయన జ్ఞాపకంలో ఉంచు, ఆయన చేతికి మాత్రం ఈ తుపాకీనే ఇవ్వు. మనవడి ఏడుపు తీసెయ్.

ఒక మాట గట్టిగా చెబుతున్నాను. పాత ఇనుము కొట్లో బోల్టో గొట్టమో కనిపించినా కొని ఇంటికి తేకు. 1959 ఆయుధాల చట్టంలో తుపాకీ విడి భాగాలు కూడా ఆయుధాలే. నీకు కావలసింది ముద్ర, ఇనుము కాదు. మళ్ళీ ఎన్‌సీసీ గదికి వెళ్ళేటప్పుడు ఆఫీసరుగారి అనుమతి తీసుకుని, ఆయన ఎదుటే చూడు.

ఇక ఆ ఏడాది. నీ కాగితంలో 195 వరకే పడింది, చివరి అంకె అరిగిపోయింది. కథలో నువ్వు 1952 అని రాసేశావు. ఎక్కడిది ఆ రెండు? మీ అమ్మ పుట్టిన ఏడాది కాబట్టి పెట్టానని ఉత్తరంలో రాశావు. ఆ ప్రేమ నాకు అర్థమైంది, అయినా ఆ అంకె కొట్టెయ్.

ఈసారి పల్చటి కాగితం, మెత్తటి పెన్సిల్ తీసుకెళ్ళు. ఉప్పుకాగితంతో గీకొద్దు, ఉన్నది కూడా పోతుంది. సుద్దపొడి వేలితో అద్ది, పైపైన గుడ్డతో తుడువు, పొడి గుంటల్లో నిలుస్తుంది. టార్చ్ ఎదురుగా కాకుండా పక్క నుంచి, దాదాపు ఇనుముకి ఆనించి పట్టుకో. అప్పటికీ అంకె కనబడకపోతే కథలో కూడా 195 అనే రాసి, పక్కన ఖాళీ వదిలెయ్. కాగితం నాకు మళ్ళీ పంపు.

ఉంటాను,
మీ మాస్టారు