ఆర్డునోతో మోటార్ తిరగకుండా గుయ్‌మంటోంది, ఎందుకు?

మీరు చెప్పింది: ఆర్డునో ఊనో (ప్రోగ్రామ్ చేసుకునే చిన్న కంట్రోలర్ బోర్డు), ఎల్298ఎన్ డ్రైవర్ (బోర్డు ఆదేశాలతో మోటార్‌కి కరెంట్ ఇచ్చేది), 6 వోల్టుల మోటార్, 9 వోల్టుల చిన్న చదరపు బ్యాటరీ. కోడ్ సరిగ్గానే ఉన్నా మోటార్ గుయ్‌మంటుంది, బోర్డు రీసెట్ అవుతుంది.

నా అనుమానం ముందు బ్యాటరీ మీదే. పొగ అలారంలో పెట్టే ఆ బ్యాటరీ మోటార్ కదలడానికి కావలసిన కరెంట్ ఇవ్వలేదు. వోల్టేజ్ ఒక్కసారిగా పడిపోయి బోర్డు రీసెట్ అవుతుంది. పైగా ఎల్298ఎన్ పాత రకం చిప్, 1 ఆంపియర్ దగ్గర దాదాపు 2 వోల్టులు తనే మింగేస్తుంది. 6 ఏఏ సెల్స్ వాడి చూడండి.

బోర్డుకు విడిగా పవర్ ఇచ్చినా బోర్డు, డ్రైవర్ రెండిటి గ్రౌండ్ (నెగటివ్ వైరు) కలపాల్సిందే. చాలామంది మర్చిపోయేది ఇదే.

ఇంకోటి, కోడ్‌లో సర్వో లైబ్రరీ (సర్వో మోటార్లను నడిపే రెడీమేడ్ కోడ్) వాడుతుంటే ఊనోలో 9, 10 పిన్‌లలో పీడబ్ల్యూఎం (మోటార్ వేగాన్ని మార్చే పల్స్ సిగ్నల్) పనిచేయదు. డ్రైవర్‌కి ఆ సిగ్నల్ తీసుకెళ్లే ఎనేబుల్ వైరు వాటిలో ఉంటే 5వ పిన్‌కి మార్చండి.